నోటీసు వచ్చిన పదమూడో రోజు

నాన్న ఫోన్ చేసేసరికి నేను దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో టిఫిన్ లైన్లో ఉన్నా.

“పోస్టుమ్యాన్ ఒక కవరిచ్చిండు. సంతకం పెట్టి తీసుకున్న. అంతా ఇంగ్లీషుల ఉంది. రెండు లక్షలని రాసుంది. ఏందిరా అది?”

“ఎప్పుడొచ్చింది నాన్నా?”

“నాలుగు దినాలైంది. పత్తి ఏరుడుల పడి మర్చిపోయిన.”

ఫొటో తీసి వాట్సాప్ చేయమన్నా. నేను మానేసిన కంపెనీ తరఫున లాయర్ పంపిన నోటీసు అది. నా చెక్కు బౌన్స్ అయిందట. 15 రోజుల్లో రెండు లక్షలు కట్టకపోతే కేసు వేస్తారట.

డిగ్రీ అయ్యాక కోచింగ్ కోసం ఇక్కడికొచ్చా. ఆ తర్వాత దొరికిన మొదటి ఉద్యోగం అది, జీతం 14 వేలు. చేరిన రోజే స్టాంపు పేపర్ మీద రెండేళ్ల బాండ్ రాయించుకున్నారు. టెన్త్ నుంచి డిగ్రీ దాకా ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టుకున్నారు. సంతకం చేసిన ఖాళీ చెక్కు ఒకటి తీసుకున్నారు. ఆ గదిలో ఏడుగురం ఉన్నాం. ఒక్కరం కూడా బాండ్ పూర్తిగా చదవలేదు, కాపీ అడగలేదు. ఐదో నెలలో నేను మానేశా. వాళ్లు ఆ చెక్కు మీద రెండు లక్షలు రాసి బ్యాంకులో వేశారు. నా అకౌంట్లో ఉన్నది 1,100.

ఇక ఆ తర్వాత తొమ్మిది రోజులు నేను చేసిన పని, లాయర్‌ని తప్ప అందర్నీ అడగడం. “బాండ్లు కోర్టులో నిలవవు భయ్యా, లైట్ తీస్కో” అన్నాడు రూమ్మేట్, సాక్ష్యంగా ఒక రీల్ కూడా చూపించాడు. జవాబు ఇస్తే ఒప్పుకున్నట్టే, సైలెంట్‌గా ఉండమన్నాడు మా బాబాయి కొడుకు. అసలు కవరు తీసుకోవడమే తప్పన్నారు ఇంకొకరు. అందరి మాటా నచ్చింది, ఎందుకంటే ఎవరూ ఖర్చు పెట్టమనలేదు. నిజం చెప్పాలంటే నోటీసు కంటే లాయర్ ఫీజంటేనే ఎక్కువ భయపడ్డా.

గ్రూప్స్‌కి చదువుతున్న ఒకన్న నోటీసు చూసి, “ఇది బాండ్ నోటీసు కాదు తమ్మీ, చెక్కుది. ఇయ్యాలే పో” అని తనకు తెలిసిన అడ్వకేట్ నంబరిచ్చాడు. రంగారెడ్డి జిల్లా కోర్టులు ఎల్బీ నగర్లోనే. మెట్రోలో చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఆ తర్వాత ఎల్బీ నగర్. మూడే మూడు స్టేషన్లు. అక్కడికి చేరడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది.

మేడమ్ నా కథ వినలేదు. “నాన్నగారు సంతకం పెట్టింది ఏ తారీకు?” అని అడిగి, క్యాలెండర్ మీద వేలు పెట్టి లెక్కేశారు. “ఇవాళ పదమూడో రోజు” అన్నారు.

బాండ్ వేరు, చెక్కు వేరు

ఆవిడ చెప్పింది ఇది. బాండ్ తెంచుకోవడం సివిల్ గొడవ. చెక్కు బౌన్స్ మాత్రం నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 సెక్షన్ కింద నేరం. రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. బ్యాంకు నుంచి బౌన్స్ సమాచారం అందిన 30 రోజుల్లోపు వాళ్లు నోటీసివ్వాలి. అందుకున్నాక మనకు 15 రోజులు. అప్పటికీ కట్టకపోతే ఆ తర్వాత నెలలోపు వాళ్లు కోర్టుకెళ్లాలి. సరైన అడ్రస్‌కి వచ్చిన కవరు వద్దని తిప్పి పంపినా, అందినట్టే లెక్కేస్తారు.

“ఖాళీ చెక్కు కదా మేడమ్, నేను రాసింది కాదు కదా” అన్నా. 2019లో సుప్రీంకోర్టు దీని గురించే చెప్పిందట: సంతకం చేసిన ఖాళీ చెక్కు మనంతట మనం ఇచ్చినా, అప్పు తీర్చడానికే ఇచ్చినట్టు కోర్టు మొదట భావిస్తుంది. కాదని చూపించాల్సింది మనమే.

రీల్ సంగతి కూడా అడిగా. ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు పెట్టిన బాండ్‌ని 2025 మేలో సుప్రీంకోర్టు సమర్థించింది. మూడేళ్లు పనిచేయాలి, లేదంటే రెండు లక్షలు కట్టాలి, అదీ షరతు. అలాగని ప్రతి కంపెనీ రాసుకున్న అంకె మొత్తం వచ్చేయదు. కాంట్రాక్ట్ చట్టం 74 సెక్షన్ ప్రకారం ఇప్పించేది సమంజసమైన పరిహారమే. మా హాస్టల్ తీర్పూ తప్పే, కంపెనీ బెదిరింపూ తప్పే. మధ్యలో ఎక్కడుందో మన కాగితాలు చూసి చెప్పాలి.

కాగితాలేవి? బాండ్ కాపీ లేదు. ఫోన్లో పాత చాట్ వెతికితే, జాయినింగ్ ముందురోజు హెచ్ఆర్ పెట్టిన మెసేజ్ దొరికింది: ఒరిజినల్స్, రెండు ఫొటోలు, సంతకం చేసిన ఖాళీ చెక్కు ఒకటి తీసుకురావాలి. అంటే నేను వాళ్లకు రూపాయి బాకీ పడకముందే చెక్కు తీసుకున్నారు. మేడమ్ మొహంలో మొదటిసారి నవ్వు చూశా. ఫోన్ మార్చినప్పుడు బ్యాకప్ పెట్టుకోకపోయుంటే నా పని అయిపోయేది. ఆ సాయంత్రమే జవాబు నోటీసు తయారైంది, మర్నాడు పోస్టులో వెళ్లింది.

అన్నిటికీ లాయర్ అక్కర్లేదు

తర్వాత హాస్టల్లో నేనే సగం లాయర్నైపోయా. ఎవరి గొడవైనా నా మంచం దగ్గరికే. హాస్టల్ అడ్వాన్స్ తిరిగివ్వట్లేదు, కోచింగ్ ఫీజు వెనక్కివ్వట్లేదు లాంటివాటికి ముందు రాతపూర్వకంగా అడిగి, 1915కి ఫోన్ చేస్తే చాలు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి లాయర్ లేకుండానే వెళ్లొచ్చు. మనం కట్టిన మొత్తం ఐదు లక్షల్లోపైతే కేసు ఫీజు లేదు.

కానీ కింది ఫ్లోర్ తమ్ముడొకడు నెలకు ఐదు వేలొస్తాయని తన బ్యాంకు అకౌంట్, సిమ్ ఎవరికో వాడుకోనిచ్చాడు. అకౌంట్ ఫ్రీజ్ అయింది. వేరే రాష్ట్రం పోలీసుల నుంచి విచారణకు రమ్మని నోటీసొచ్చింది. ఇలాంటప్పుడు రీల్ చూడకూడదు, స్టేషన్‌కి ఒంటరిగా వెళ్లి తోచింది చెప్పకూడదు, ఆ రోజే లాయర్ కావాలి. బీఎన్ఎస్ఎస్ 35(3) కింద వచ్చే ఈ నోటీసులు వాట్సాప్‌లో పంపొద్దని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అలాగని వాట్సాప్‌లో వచ్చింది కదా అని డిలీట్ కొట్టొద్దు. అది అసలుదో, సైబర్ దొంగలదో లాయర్‌కి చూపించండి. డబ్బు పోయినవాళ్లయితే వెంటనే 1930.

ఫీజు భయం గురించి మేడమ్ నన్ను తిట్టారు. లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టాన్ని 1987లోనే చేశారు. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. మిగతావాళ్లలో చాలామందికి ఆదాయ పరిమితి ఉంటుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగొచ్చు, లేదా 15100కి ఫోన్ చేయొచ్చు.

జవాబు అందిన వారానికి కంపెనీ లాయర్ ఫోన్ చేశాడు. ట్రైనింగ్ ఖర్చు కింద 20 వేలకు తెగింది. నాకది ఎక్కువే అనిపించింది, కానీ కేసు పడితే వాయిదాలెన్నో చెప్పలేమన్నారు మేడమ్. డబ్బు చేతిలో పెట్టేముందు చెక్కు వెనక్కి తీసుకోమన్నారు, ఇంకేం బాకీ లేదని లెటర్‌హెడ్ మీద రాయించమన్నారు, సర్టిఫికెట్లు ఒక్కొక్కటీ తిరగేసి చూసుకోమన్నారు. చూసుకున్నా. ఇంటర్ మెమో తడిసి మూల చిరిగింది, మిగతావి బాగానే ఉన్నాయి.

నాతో పాటు ఆ గదిలో సంతకం పెట్టిన ఆరుగురికీ ఆ రాత్రే మెసేజ్ పెట్టా. ముగ్గురు బాండ్ కాపీ అడుగుతామన్నారు. ఒకడు మాత్రం, “లైట్ తీస్కో భయ్యా” అన్నాడు.