కాంతి చేరలేని దూరము

చిత్తూరుకు దక్షిణముగా, తమిళనాడులోని జవాది కొండలలో కావలూరు వేధశాల ఉన్నది. హైదరాబాదులో పెరిగిన వైను బప్పు (1927–1982) నెలకొల్పిన ఈ వేధశాలలో 2.34 మీటర్ల అద్దము గల దూరదర్శినిని 1986లో ప్రారంభించిరి. ఇంతకంటె పెద్ద అద్దములు ప్రపంచమున పలుచోట్ల కలవు. అద్దమును పెంచుకొనుచు పోయినచో విశ్వమునంతటిని చూడగలమా? చూడలేము. గెలాక్సీల నడుమనున్న అంతరాళము సాగుచుండుటయే ఇందుకు కారణము.

దూరపు గెలాక్సీలు మననుండి తొలగిపోవుచున్నవనియు, దూరము హెచ్చిన కొలది ఆ వేగమును హెచ్చుననియు 1929లో ఎడ్విన్ హబుల్ చూపెను. ఏ గెలాక్సీయు కాంతిని మించి పరుగెత్తుట లేదు; దానికిని మనకును నడుమ చోటు పెరుగుచున్నది.

దీనిని ఒక లెక్కతో గ్రహింపవచ్చును. తిరుపతి నుండి చిత్తూరుకు సుమారు 70 కిలోమీటర్లు. ఈ బాట రబ్బరువలె సాగుచు, ప్రతి కిలోమీటరును గంటకు 100 మీటర్ల చొప్పున పెరుగుననియు, ఈ రేటు ఎన్నడును మారదనియు అనుకొందము. బాటసారులు గంటకు 5 కిలోమీటర్లు నడతురు. చంద్రగిరి ప్రాంతమున, 12 కిలోమీటర్ల దూరమునుండి బయలుదేరినవాడు 2 గంటల 24 నిమిషములకు బదులు సుమారు 2 గంటల 45 నిమిషములకు తిరుపతి చేరును. చిత్తూరునుండి బయలుదేరినవాని ముందు బాట గంటకు 7 కిలోమీటర్లు పెరుగును. వాడు నడచిన కొలది తిరుపతి దూరమగును. హద్దు 50 కిలోమీటర్లు. అచట బాట పెరుగుదల, నడక సమానము.

కాంతికిని ఇదే లెక్క. ప్రతి 10 లక్షల కాంతి సంవత్సరముల దూరమునకు అంతరాళము సెకనుకు సుమారు 21 కిలోమీటర్లు పెరుగుచున్నది. కాంతి వేగము సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు. భాగించి చూచినచో సుమారు 1400 కోట్ల కాంతి సంవత్సరములు వచ్చును. అయితే విస్తరణ రేటు కాలముతో మారుచుండుటచే సరియైన హద్దు మరికొంత అవతల, సుమారు 1600 కోట్ల కాంతి సంవత్సరముల కడ ఉన్నది. దానికి ఆవలనుండి నేడు బయలుదేరు కాంతి ఎన్నటికిని మనలను చేరదు.

మరి 2024లో జేమ్స్ వెబ్ దూరదర్శినితో గుర్తించిన ఒక గెలాక్సీ నేడు 3300 కోట్ల కాంతి సంవత్సరములకు పైగా దూరమున నున్నదందురు. అది ఎట్లు కనబడెను? మనము చూచినది దాని ప్రాచీన కాంతి. సుమారు 1350 కోట్ల ఏండ్ల క్రిందట అది బయలుదేరునప్పటికి ఆ గెలాక్సీ సుమారు 220 కోట్ల కాంతి సంవత్సరముల దూరముననే ఉండెను. దారిలో ఆ కాంతి తరంగములు 15 రెట్లు సాగి పరారుణ కిరణములుగా మారినవి. ఆ గెలాక్సీ బాల్యమును చూచితిమి. దాని నేటి రూపమును ఎన్నడును చూడలేము.

ఇట్టి ప్రాచీన కాంతి వచ్చు మేర నేటి లెక్కలో అన్ని దిక్కులను సుమారు 4600 కోట్ల కాంతి సంవత్సరములు. ఇది మన చూపు మేర మాత్రమే. విశ్వమునకు అంచు అని విద్యార్థులు భావింపరాదు.

విస్తరణ వేగము పుంజుకొనుచున్నదని 1998లో తెలిసినది. శీతకాలపు రాత్రులలో కంటికే కనబడు ఆండ్రోమెడా 25 లక్షల కాంతి సంవత్సరముల దూరమున మనతో ఆకర్షణచే బంధింపబడి ఉన్నది, అది తొలగిపోదు. కాని 10,000 కోట్ల ఏండ్లకు పైబడిన పిమ్మట దూరపు గెలాక్సీలన్నియు చూపు మేర దాటిపోవును. అప్పుడు ఆకాశమును పరిశీలించువారికి విశ్వము సాగుచున్నదని చెప్పు సాక్ష్యమే దొరకదు. ఆ సాక్ష్యము కంటికందు కాలమున మనము జీవించుచున్నాము.