ఐపీ అడ్రసు: ఆ అంకెలు చెప్పేదెంత, చెప్పనిదెంత?

పావగడ తాలూకా తిరుమణిలో కూర్చొని సెల్‌ఫోనులో ఒక వెబ్‌సైటును తెరిస్తే, అది కొన్నిసార్లు ఆ వ్యక్తి బెంగళూరులో ఉన్నట్లు చూపుతుంది. ఆంధ్ర సిమ్ కార్డు వాడేవారికి హైదరాబాదు పేరు కూడా కనబడవచ్చును. తిరుమణికి బెంగళూరు 150 కిలోమీటర్లకు పైగా దూరం. ఫోను చెడిపోలేదు, వెబ్‌సైటు అబద్ధమాడలేదు. అది చూసినది ఐపీ అడ్రసును మాత్రమే. ఆ అడ్రసు ఊరికి చెందినది కాదు, ఇంటర్నెట్ సేవలందించే కంపెనీకి చెందినది.

తిరుమణి పరిసర రైతులకు నంబరు విలువ కొత్తగా చెప్పనక్కరలేదు. సౌర విద్యుత్ పార్కుకు భూములు కౌలుకిచ్చిన నాడు పహణిలోని సర్వే నంబరే అన్నింటికీ ఆధారమైనది. సర్వే నంబరు కదలదు. నేడైనా, పదేళ్ల తరువాతనైనా అదే చేను. ఐపీ అడ్రసు అటువంటిది కాదు. దానిని బస్సులోని సీటు నంబరుతో పోల్చవచ్చును. పన్నెండో నంబరు సీటులో పావగడ వరకు ఒకరు, అక్కడి నుండి మరొకరు కూర్చుంటారు. ఏ బస్సు, ఏ తేదీ, ఏ గంట అన్నది తెలియనిదే ఆ సీటు నంబరుకు అర్థం లేదు.

పాత పద్ధతి ఐపీ అడ్రసులో చుక్కలతో వేరుచేసిన నాలుగు సంఖ్యలుంటాయి. ఒక్కొక్కటి 0 నుండి 255 వరకు. ఈ విధంగా ఏర్పడే అడ్రసులు సుమారు 429 కోట్లు మాత్రమే. ప్రపంచ జనాభాయే 800 కోట్లు దాటినది. అందుచేత మొబైల్ కంపెనీలు ఒకే అడ్రసును ఒకే సమయంలో అనేకమంది చందాదారులకు పంచుతున్నాయి. కొత్త పద్ధతి అడ్రసులకు కొరత లేదు గాని, పాతవి ఇంకను వాడుకలో ఉన్నాయి.

అయితే సీటులో కూర్చున్నదెవరో ఎవరికి తెలుసు? కంపెనీ చిట్టాకు తెలుసు. ఏ అడ్రసు ఏ క్షణాన ఏ చందాదారునికి ఇచ్చినదీ అందులో నమోదవుతుంది. ఇట్టి వివరాలను కనీసం 2 సంవత్సరాలు భద్రపరచవలెనని కేంద్ర టెలికాం శాఖ 2021 డిసెంబరులో లైసెన్సు నిబంధనలను సవరించినది. నేర పరిశోధనలో పోలీసులు చట్టప్రకారం అడిగినప్పుడు కంపెనీ ఆ వివరాలనిస్తుంది. వెబ్‌సైటు యజమానికి గాని, ఫోనులో బెదిరించే అపరిచితునికి గాని ఆ చిట్టా అందదు.

చిట్టా తప్పితే ఏమగునో 2007లో బెంగళూరులో తేలినది. నాడు ప్రచారంలో ఉన్న ఆర్కుట్‌లో (అది 2014లో మూతపడినది) ఛత్రపతి శివాజీని కించపరచే చిత్రం వెలువడగా, పుణె పోలీసులు ఐపీ అడ్రసును పట్టుకొని దాని వెనుకనున్న చందాదారుడెవరని ఇంటర్నెట్ కంపెనీని అడిగారు. కంపెనీ ఇచ్చిన పేరు ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరుది. ఆగస్టు 31న ఆయనను అరెస్టు చేసి పుణెకు తరలించారు. ఆ చిత్రంతో ఆయనకు ఎట్టి సంబంధమూ లేదు. కంపెనీ ఇచ్చిన వివరమే తప్పు. ఆ సంగతి తేలి విడుదలయ్యేసరికి ఆయన జైలులో 50 రోజులు గడిపారు. చదువుకున్నవాడు, మహానగరవాసి, సొంతంగా న్యాయవాదిని పెట్టుకోగలిగినవాడు. ఆయన గతియే అది.

తప్పు లేని చిట్టా కూడా చందాదారుని పేరే చెబుతుంది గాని, ఫోను చేతబట్టినవానిని చూపదు. ఇంటి యజమాని పేరిట ఉన్న సిమ్ నుండి హాట్‌స్పాట్ తీసుకొని పక్కింటి కుర్రవాడు ఏదైనా పంపితే, పోలీసులు మొదట వచ్చేది ఆ యజమాని గుమ్మానికే. బంధువుల పేరిట తీసుకున్న సిమ్ కార్డులు, గోడ మీద వ్రాసిపెట్టిన వైఫై పాస్‌వర్డులు ఇందువల్లనే ప్రమాదకరం. పాస్‌వర్డును అప్పుడప్పుడు మార్చుట, పని ముగియగానే హాట్‌స్పాట్‌ను ఆపుట పెద్ద శ్రమ కాదు.

ఇక "మీ ఐపీ అడ్రసు మా వద్దనున్నది, మీ ఇల్లు మాకు తెలుసు, డిజిటల్ అరెస్టు చేస్తాము" అని వచ్చే వీడియో కాల్స్ సంగతి. ఐపీ అడ్రసు మాత్రమే తెలిసినవానికి ఇల్లు తెలియదు. భారతీయ చట్టాలలో డిజిటల్ అరెస్టు అనునదే లేదు. అట్టివారికి డబ్బు పంపినవారు ఆలస్యం చేయక 1930కు ఫోను చేయవలెను.

నిజానికి ఇంటి జాడను బయటపెట్టేది ఐపీ అడ్రసు కంటె ఎక్కువగా ఫోనులోని లొకేషన్ అనుమతి. టార్చిలైటు యాప్ కూడా లొకేషన్ అడిగితే, ఏమీ యోచించక 'అలో' నొక్కేవారే అధికం. వాట్సాప్ కాల్స్‌లో అవతలివారికి ఐపీ అడ్రసు తెలియకుండా దాచే సదుపాయం 2023 నవంబరులో వచ్చినది. అది సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో అడ్వాన్స్‌డ్ అనుచోట ఉంటుంది.