దెబ్బ తేలిపోయింది చేతి వల్లనా, మైకు వల్లనా?

పాట వింటున్నప్పుడు మనం గొంతు వింటాం, మాటలు వింటాం. వెనకాల డ్రమ్స్ ఎవరు వాయించారో పట్టించుకోం. ఆ డ్రమ్స్ ముందు మైకులు ఎవరు పెట్టారో అసలే పట్టించుకోం. కానీ ఆ మైకులు చోటు తప్పితే ఎంత మంచి వాయిద్యమైనా ఉప్పు లేని కూరలా చప్పగా ఉంటుంది. చిత్రమేమిటంటే, ఆ నింద మైకు మీదికి పోదు. వాయించిన వాళ్ళ మీదికే వస్తుంది. వాయించింది ఆడపిల్ల అయితే ఇక చెప్పనే అక్కర్లేదు!

మా అన్నయ్య కూతురు డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. నాలుగేళ్ళుగా డ్రమ్స్ నేర్చుకుంటోంది. స్నేహితురాళ్ళు నలుగురూ కలిసి ఓ పాట కట్టుకుని, పోటీకి పంపిద్దామని పాకెట్ మనీ పోగేసి, ఓ రికార్డింగ్ గదికి వెళ్ళారు. తీరా వింటే గొంతు బాగుంది, కీబోర్డు బాగుంది. డ్రమ్స్ మాత్రం అట్టపెట్టె మీద కొట్టినట్టుంది. ఇదేమిటని అడిగితే అక్కడి మనిషి, "నీ చేతిలో బలం లేదమ్మా. కాస్త గట్టిగా వాయించే అబ్బాయిని ఎవరినైనా తెచ్చుకోండి" అన్నాట్ట.

"మానేస్తానత్తా" అంది మా ఇంటికొచ్చి. కళ్ళలో నీళ్ళు.

ఆ పిల్ల వాయిస్తుంటే పక్కన కూర్చుని విన్నదాన్ని నేను. గుండెల్లో మోగుతుంది. అలాంటి చేతికి బలం లేదంటే ఎలా నమ్మడం? ఆ రోజు వాళ్ళు ఫోన్లో తీసుకున్న వీడియో చూపించమన్నాను. డ్రమ్స్ పైన రెండు మైకులున్నాయి. ఒకటి ఆమె ముందున్న డ్రమ్ముకి మూడడుగుల ఎత్తులో ఉంది. రెండోది ఎక్కడో వెనక, దాదాపు ఆరడుగుల దూరంలో స్టాండుకి వేలాడుతోంది. అది చూడగానే బీఎస్సీలో చదువుకున్న 'వ్యతికరణం' పాఠం గుర్తొచ్చింది. ఇన్నేళ్ళకి అది ఓ పనికొచ్చింది!

రెండు మైకులు, ఒక దెబ్బ

డ్రమ్స్ సెట్‌లో వాయించేవాళ్ళ మోకాళ్ళ మధ్య ఉండే చిన్న డ్రమ్ముని స్నేర్ అంటారు. కింద సన్నటి తీగలుంటాయి, అందుకే 'ఠప్' మని పలుకుతుంది. కాలితో తొక్కే పెద్దది బేస్ డ్రమ్ము. ఇవి కాక టామ్‌లు, నేల మీద నిలబెట్టే ఫ్లోర్ టామ్, పైన ఇత్తడి పళ్ళేల్లాంటి సింబల్స్.

శబ్దం గాలిలో సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది. అంటే ఒక అడుగు దూరం పోవడానికి దాదాపు ఒక మిల్లీసెకను. ఒక మైకు మూడడుగుల్లో, ఇంకోటి ఆరడుగుల్లో ఉంటే అదే దెబ్బ రెండో మైకుకి రెండున్నర మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. అంతేగా అనుకుంటాం. కానీ స్నేర్‌కి నిండుదనం ఇచ్చే స్వరం 200 హెర్ట్జ్ దగ్గర్లో ఉంటుంది. ఆ ఆలస్యానికి, ఒక మైకులో ఆ అల పైకి లేస్తుంటే రెండో మైకులో కిందికి దిగుతుంటుంది. రెంటినీ కలిపితే ఒకదాన్ని ఒకటి తినేస్తాయి. ఉయ్యాలని ఒకరు ముందుకి తోస్తుంటే ఇంకొకరు వెనక్కి తోసినట్టన్నమాట. ఎంత బలంగా తోస్తే మాత్రం ఏం లాభం?

పరీక్షించి చూద్దామని డ్రమ్స్ ఒక్కటే ఉన్న రికార్డింగు తెప్పించాం. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక చెవిలో ఒక మైకుని విన్నాం. నిండుగానే ఉంది. రెండో చెవిలో రెండో మైకు. అదీ నిండుగానే ఉంది. రెండూ కలిపి ఒకే స్పీకర్లో పెడితే నిండుదనం మాయం! ఆ క్షణాన మా మేనకోడలి మొహం చూడాలి.

దారంతో కొలిచిన దూరం

దీనికి మందు ఎప్పుడో కనిపెట్టారు. 1968లో లండన్‌లోని ఒలింపిక్ స్టూడియోలో లెడ్ జెపెలిన్ బృందం తమ మొదటి రికార్డు చేసింది. జాన్ బోనమ్ డ్రమ్స్ వాయించాడు. సౌండ్ ఇంజనీరు గ్లిన్ జాన్స్. అప్పుడు అనుకోకుండా దొరికిన పద్ధతి ఈనాటికీ ఆయన పేరుతోనే చెలామణీ అవుతోంది. ఇందులో మైకులు కొద్దిగానే ఉంటాయి. డ్రమ్ముకో మైకు పెట్టక్కర్లేదు.

మొదటి మైకు స్నేర్‌కి నిట్టనిలువుగా సుమారు ఒక మీటరు ఎత్తులో ఉంటుంది. రెండోది వాయించేవాళ్ళ కుడిచేతి వైపు, ఫ్లోర్ టామ్ అంచుకి కాస్త ఎత్తులో, స్నేర్ వైపు చూస్తూ ఉంటుంది. రెండూ స్నేర్ మధ్య నుంచి సరిగ్గా ఒకే దూరంలో ఉండాలి. అదే కిటుకు. కొలవడానికి పెద్ద పరికరాలేం వద్దు, దారం చాలు. ఒక కొస స్నేర్ మధ్యలో వేలితో నొక్కిపట్టి, రెండో కొస మొదటి మైకుకి తాకించి, అదే పొడవుతో రెండో మైకు వైపు తిప్పాలి. దారం బిగుతుగా అందిందంటే సరిపోయినట్టే. వీటికి తోడు స్నేర్ దగ్గర ఒకటి, బేస్ డ్రమ్ముకి ఒకటి. మొత్తం నాలుగు.

ఏ మైకు ఎక్కడ?

మైకులు ముఖ్యంగా రెండు రకాలు. డైనమిక్ మైకు మొండిది. ఎంత గట్టి దెబ్బనైనా తట్టుకుంటుంది, దానికి కరెంటు అక్కర్లేదు. కండెన్సర్ మైకు సున్నితమైనది. సింబల్స్ మీది సన్నటి మెరుపుని కూడా పట్టేస్తుంది, కానీ మిక్సర్ నుంచి 48 వోల్టులు అందిస్తేనే పనిచేస్తుంది. అందుకని పైన పెట్టే రెండూ కండెన్సర్లయితే మేలు. స్నేర్‌కి, బేస్ డ్రమ్ముకి డైనమిక్ వాడుకోవచ్చు. స్నేర్ దగ్గర చాలామంది వాడే షూర్ ఎస్సెమ్ 57 మైకు 1965లో వచ్చింది, ఇప్పటికీ నడుస్తోంది.

స్నేర్ మైకుని డ్రమ్ము అంచుకి మూడు, నాలుగు సెంటీమీటర్ల పైన పెట్టి మధ్యకి వంచాలి. దాని వీపు పక్కనున్న హై-హ్యాట్ సింబల్స్ వైపు ఉండాలి. ఇలాంటి మైకు వెనక నుంచి తక్కువ వింటుంది కనుక ఆ 'చిక్ చిక్' ఎక్కువ దూరదు.

బేస్ డ్రమ్ము మైకుని ముందు చర్మానికున్న రంధ్రంలోంచి లోపలికి, సుత్తి తగిలే చోటికి దగ్గరగా పెడితే 'టక్' మనేది బాగా వినిపిస్తుంది. వెనక్కి లాగేకొద్దీ 'ధుమ్' మనేది పెరుగుతుంది. లోపల ఓ దిండు పెడితే అనవసరపు గుంయ్ అనడం తగ్గుతుంది. 1966లో బీటిల్స్ రికార్డింగుల్లో జెఫ్ ఎమరిక్ అనే ఇరవై ఏళ్ళ కుర్రాడు, ఆ స్టూడియో నియమాన్ని పక్కనపెట్టి మైకుని బేస్ డ్రమ్ముకి బాగా దగ్గరగా జరిపాడు. లోపల ఉన్ని స్వెట్టర్ కుక్కాడు. అంత పెద్దవాళ్ళకి స్వెట్టర్ పనికొచ్చినప్పుడు మనకి పాత దిండు పనికిరాదా?

మేడ మీద గదిలో

మా అన్నయ్యావాళ్ళ మేడ మీది గదికి గచ్చు నేల, ఉత్త గోడలు. చప్పట్లు కొడితే ఖంగుమంటుంది. డ్రమ్స్ కింద పాత తివాచీ పరిచాం. గోడలకి బొంతలు, దుప్పట్లు వేలాడదీశాం. మైక్‌సెట్ షాపులో రెండు మైకులు, పరిచయస్థుల దగ్గర ఇంకో రెండు, నాలుగు మైకులు తగిలించే ఆడియో ఇంటర్‌ఫేస్ తెచ్చాం. ముందుగా డ్రమ్ముల చర్మాలు శ్రుతి చేసుకుంది. శ్రుతి లేని డ్రమ్ముకి ఏ మైకూ ప్రాణం పోయలేదు. ఆ తర్వాత మా వదిన దారం పట్టుకుంది, నేను టేపు పట్టుకున్నాను.

అదే పిల్ల, అవే కర్రలు, అదే పాట. రికార్డు చేసి ఒకే స్పీకర్లో పెడితే స్నేర్ గది నిండా పలికింది! "అత్తా, ఇది నేనేనా?" అంది. పోటీ గడువు అప్పటికే దాటిపోయింది. అయితేనేం, డ్రమ్స్ మానేస్తానన్న మాట మళ్ళీ ఆమె నోట రాలేదు.

నింద వేసే ముందు

అమెరికాలో వయోలా స్మిత్ అని గొప్ప డ్రమ్మర్ ఉండేవారు. బ్యాండ్లలో ఆడవాళ్ళకి అవకాశం ఇమ్మని 1942లోనే 'డౌన్‌బీట్' పత్రికలో వ్యాసం రాశారు. 2020లో, 107 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. ఆ వ్యాసం వచ్చి ఎనభై ఏళ్ళు దాటినా, ఆడపిల్ల కర్రలు పట్టుకుంటే "బలముందా?" అని అడిగేవాళ్ళు ఇంకా ఉన్నారు.

మీ ఇంట్లోనూ డ్రమ్స్ నేర్చుకునే పిల్ల ఉంటే, రికార్డింగుకి వెళ్ళేటప్పుడు తోడు వెళ్ళండి. మైకులు ఎంతెంత దూరంలో ఉన్నాయో అడగండి. డబ్బు కట్టే ముందే రెండు పైమైకులనీ విడివిడిగా ఒకసారి, కలిపి ఒకసారి వినిపించమనండి. కలిపినప్పుడు పల్చబడితే మైకు జరపమనండి. "మీకేం తెలుసండీ" అంటే నొచ్చుకోకండి. చేతిసంచీలోంచి దారపుండ తీసి చూపించండి. పిల్లని గట్టిగా కొట్టమని చెప్పేముందు, దూరం కొలవమని చెప్పడం తప్పేం కాదు కదా!