ఫిట్ అని రాస్తే చాలు, జబ్బు పేరెందుకు?

పరవాడ ఫార్మా సిటీలోనో, జీడిమెట్లలోనో, పాశమైలారంలోనో పనిచేసేవాళ్లకు ఈ తంతు అలవాటే. క్యాంటీన్ పక్క హాల్లో ల్యాబ్ వాళ్లు బల్లలు వేసుకుని కూర్చుంటారు. పరగడుపున రక్తం తీస్తారు, బీపీ చూస్తారు, గొట్టంలోకి గట్టిగా ఊదమంటారు, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి శబ్దం వినపడగానే వేలెత్తమంటారు. చూపించిన చోటల్లా సంతకం పెట్టి టిఫిన్‌కు వెళ్లిపోతాం. కొన్నాళ్లకు అందరి రిపోర్టులూ కలిపి ఒకే ఫైలుగా హెచ్‌ఆర్ మెయిల్‌కు వస్తాయి. ‘ఎవరిది వాళ్లు చూసుకోండి’ అంటూ దాన్ని అలాగే డిపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పడేసే ఘనులూ ఉంటారు. ఎవరికి షుగరు, ఎవరికి లివరు పాడైంది, ఎవరికి హెపటైటిస్ అన్నది మధ్యాహ్నం భోజనాల వేళకు అందరికీ తెలిసిపోతుంది.

‘డబ్బు కట్టింది కంపెనీ, కాబట్టి రిపోర్టూ కంపెనీదే’ అని చాలామంది అనుకుంటారు. హెచ్‌ఆర్ వాళ్లే కాదు, ఉద్యోగులూ అలాగే అనుకుంటారు. అది తప్పు. ఈ మనిషి ఈ పని తనకూ పక్కవాడికీ ప్రమాదం లేకుండా చేయగలడా, చేయాలంటే ఏ జాగ్రత్తలు కావాలి? యాజమాన్యానికి తెలియాల్సింది ఇంతవరకే. ఆ జవాబు వెనకున్న జబ్బు పేరు, వాడుతున్న మందులు, పాత ఆపరేషన్లు డాక్టరుకూ ఉద్యోగికీ మధ్య ఉండాల్సినవి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1985లో చేసిన 171వ సిఫారసులో ఈ సంగతి సూటిగానే ఉంది. పరీక్ష తర్వాత తేలిన నిర్ణయాన్ని కార్మికుడికీ యజమానికీ రాతపూర్వకంగా ఇవ్వాలి, అందులో వైద్య వివరాలేవీ ఉండకూడదు అని. సిఫారసు కాబట్టి దానికి చట్టం బలం లేదు. అయినా వృత్తి ఆరోగ్య రంగంలో చదువుకున్న డాక్టర్లు పాటించే పద్ధతి అదే.

ఒక ఉదాహరణ చూద్దాం. మూర్ఛకు మందులు వాడుతున్న ఫిట్టర్ ఒకతను ఉన్నాడనుకుందాం. డాక్టరు ఇలా రాయవచ్చు: ‘ఇతనికి ఎనిమిదేళ్లుగా మూర్ఛ ఉంది, ఫలానా మాత్రలు వాడుతున్నాడు, కిందటేడు ఒకసారి ఫిట్స్ వచ్చింది.’ లేదా ఇలా రాయవచ్చు: ‘షరతులతో ఫిట్. ఎత్తుల మీద, తిరిగే యంత్రాల దగ్గర, ఒంటరిగా రాత్రి షిఫ్టులో పని వద్దు. ఆరు నెలలకు మళ్లీ పరీక్ష.’ సూపర్‌వైజరుకు డ్యూటీ వేయడానికి రెండోది సరిపోతుంది. నిజానికి మొదటిదానికంటే రెండోదే పనికొస్తుంది, ఏ పని ఇవ్వకూడదో అందులోనే ఉంది. మొదటిది చదివినవాడికి భయమో జాలో పుడుతుంది తప్ప ఏం చేయాలో తెలియదు. రెండో కాగితం చూసి కూడా నలుగురూ ఊహాగానాలు చేయవచ్చు, కాదనలేం. కానీ ఊహించడం వేరు, కంపెనీ ముద్రతో రుజువు చేతికివ్వడం వేరు.

మన దగ్గర గందరగోళానికి అసలు కారణం, రెండు వేర్వేరు పరీక్షలను ఒకే క్యాంపులో కలిపేయడం.

మొదటిది పనివల్ల వచ్చే హానిని కనిపెట్టే పరీక్ష. సీసంతో పనిచేసేవారికి రక్తంలో సీసం, రాతి దుమ్ములో ఉండేవారికి ఛాతీ ఎక్స్‌రే, పెద్ద శబ్దాల మధ్య ఉండేవారికి వినికిడి పరీక్ష. ఇది చట్టం చెప్పిన బాధ్యత. 1984 భోపాల్ విషాదం తర్వాత, 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకర రసాయనాలతో పనిచేసేవారికి పనిలో పెట్టేముందూ, ఆ తర్వాత ఏడాది దాటకుండానూ వైద్య పరీక్ష చేయించాలని పెట్టారు. ఆ రికార్డులు కార్మికుడికి అందుబాటులో ఉండాలని కూడా అదే చట్టం చెప్పింది. తన చెవి ఏటికేడు ఎంత పాడవుతోందో తెలియకుండానే రిటైరయ్యే కార్మికులు ఉన్న దేశంలో ఇది చిన్న హక్కు కాదు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ కూడా ఈ బాధ్యతను కొనసాగించింది. నలభై దాటిన కార్మికులకు ఏటా ఉచిత ఆరోగ్య పరీక్ష అని ప్రభుత్వం చెబుతున్నదీ ఈ కోడ్ కిందే. అంటే పరీక్షలు ఇకమీదట పెరుగుతాయి, కాగితాలూ పెరుగుతాయి.

రెండోది సౌకర్యంగా ఇచ్చే హెల్త్ చెకప్. సాఫ్ట్‌వేర్ కంపెనీలు ‘ఫుల్ బాడీ చెకప్’ కూపన్లు ఇస్తుంటాయి కదా, అది. కొలెస్ట్రాలు, థైరాయిడ్, విటమిన్ డి, ఒక్కోచోట మానసిక ఒత్తిడి ప్రశ్నావళి. వీటిలో ఏదీ ప్రోగ్రాములు రాసే పనికి సంబంధించింది కాదు. కాబట్టి పేరుతో సహా ఒక్క అంకె కూడా కంపెనీకి వెళ్లాల్సిన అవసరం లేదు. వెళ్తే గిళ్తే మొత్తం లెక్క వెళ్లాలి: ఇంతమందిలో ఇంతమందికి బీపీ ఎక్కువ, కాబట్టి క్యాంటీన్‌లో ఉప్పు తగ్గించండి. ఆ లెక్కలోనూ ఒక చిక్కుంది. తొమ్మిదిమంది ఉన్న సెక్షన్‌లో ‘ఒకరికి క్షయ’ అని రాస్తే పేరు రాసినట్టే. చిన్న గుంపుల లెక్కలు విడిగా ఇవ్వకూడదు.

ఇక ఉద్యోగంలో చేరేముందు చేసే మెడికల్ సంగతి. 1989లో ఎల్‌ఐసీలో అసిస్టెంటుగా చేరిన ఒక మహిళ కేసు ఇక్కడ చెప్పుకోవాలి. చేరేటప్పుడు ఆమెతో నింపించిన ఫారంలో నెలసరి సక్రమంగా వస్తుందా, చివరిసారి ఎప్పుడు, గర్భస్రావాలు జరిగాయా అని అడిగారు. ఆమె ప్రసూతి సెలవు పెట్టింది. ప్రొబేషన్‌లో ఉండగానే ఉద్యోగం తీసేశారు. ఫారంలో అబద్ధం రాసిందని సంస్థ వాదన. 1991లో సుప్రీంకోర్టు ఆమె పక్షాన తీర్పు చెప్పింది. అలాంటి ప్రశ్నలు ఆత్మగౌరవానికి భంగకరమనీ, ఆ గడులను ఫారంలోంచి తీసేయాలనీ ఆదేశించింది. ముప్పై ఏళ్లు దాటింది. ఇప్పటికీ కొన్ని ప్రైవేటు సంస్థల జాయినింగ్ ఫారాల్లో ‘గర్భవతా? అవును/కాదు’ అన్న గడి కనిపిస్తూనే ఉంటుంది. ఎక్కడినుంచో కాపీ కొట్టిన ఫారం, చదివే తీరిక ఎవరికీ ఉండదు.

హెచ్‌ఐవీ విషయంలో చట్టం ఇంకా గట్టిగా ఉంది. 1997లో బాంబే హైకోర్టుకు వచ్చిన ఒక కేసులో, పని చేయగలిగిన కార్మికుడిని కేవలం హెచ్‌ఐవీ ఉందన్న కారణంతో కాదనకూడదని తీర్పు వచ్చింది. ఆ తీర్పులో కార్మికుడి పేరు ‘ఎంఎక్స్’, సంస్థ పేరు ‘జడ్‌వై’ అనే ఉంటుంది. గోప్యత అంటే ఎలా ఉండాలో కోర్టే చేసి చూపించింది. తర్వాత వచ్చిన 2017 చట్టం, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. ఉద్యోగం ఇవ్వడానికి హెచ్‌ఐవీ పరీక్ష షరతుగా పెట్టడం నిషేధం. అన్నీ వివరించి, ఒప్పుకున్నాకే పరీక్ష చేయాలి. ఉద్యోగి రాతపూర్వక సమ్మతి లేకుండా ఫలితాన్ని బయటపెట్టకూడదు. వందమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే ప్రతి సంస్థలో దీనికి ఫిర్యాదుల అధికారి ఉండాలి. మీ సంస్థలో ఆ అధికారి ఎవరో అడిగి చూడండి.

కరీంనగర్, జగిత్యాల, కడప, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్ వెళ్లేవాళ్లు మాత్రం ఈ చట్టం తమకెందుకు అక్కరకు రాదని అడుగుతారు. గల్ఫ్ మెడికల్‌లో హెచ్‌ఐవీ, హెపటైటిస్, క్షయ అన్నీ చూస్తారు. అవి ఆయా దేశాల వీసా షరతులు, మన చట్టం వాటిని ఆపలేదు. కానీ ‘అన్‌ఫిట్’ స్లిప్పును ఏజెంటు ఊరంతా తిప్పడానికి ఏ దేశం చట్టమూ అనుమతి ఇవ్వలేదు. స్లిప్పు మీరే తీసుకోండి, ఏజెంటు చేతికి వెళ్లనివ్వకండి.

గోప్యతకు హద్దులు లేవని కాదు. డాక్టర్ల నడవడికపై 2002లో వచ్చిన నిబంధనలు మూడు సందర్భాల్లో నోరు విప్పవచ్చంటాయి: కోర్టు ఆదేశించినప్పుడు, ఒక వ్యక్తికో సమాజానికో తీవ్రమైన, స్పష్టమైన ముప్పు ఉన్నప్పుడు, చట్టప్రకారం తెలియజేయాల్సిన జబ్బు అయినప్పుడు. సిలికోసిస్, సీసం విషం, శబ్దంవల్ల చెవుడు వంటి 29 జబ్బుల జాబితా చట్టంలో ఉంది. వాటిని గుర్తించిన డాక్టరు ప్రభుత్వ అధికారికి తెలపాల్సిందే. చాలామంది ఇక్కడే తికమకపడతారు. ఆ సమాచారం వెళ్లేది తనిఖీ అధికారికి, ఆ ఫ్యాక్టరీలో దుమ్మును అదుపు చేయించడానికి. నోటీసు బోర్డుకు కాదు. చిత్రమేమిటంటే, ఆచరణలో ఇది తరచూ తిరగబడుతుంది. పనివల్ల వచ్చిన జబ్బును గోప్యత పేరు చెప్పి అధికారుల దాకా పోనివ్వరు, పనితో సంబంధంలేని షుగరును మాత్రం అందరికీ చెబుతారు.

కంపెనీ డాక్టరు పరిస్థితి కూడా అర్థం చేసుకోవాలి. జీతమిచ్చేది యాజమాన్యం, ఎదురుగా కూర్చున్నది కార్మికుడు. జీఎం ఫోన్ చేసి ‘ఆయనకేమైంది డాక్టర్‌గారూ?’ అంటే ‘చెప్పను సార్’ అనడానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యం డాక్టరు ఒక్కడి మీదే వదిలేయకుండా కంపెనీయే రాతలో పెట్టాలి: వైద్య ఫైళ్లు డాక్టరు బీరువాలోనే ఉంటాయి, హెచ్‌ఆర్‌కు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ మాత్రమే వెళ్తుంది, రిపోర్టును ల్యాబ్ ఉద్యోగి సొంత నంబరుకే పంపుతుంది. ల్యాబ్‌తో ఒప్పందం కుదుర్చుకునేటప్పుడు ఈ ముక్కలు రాయించుకుంటే సరిపోతుంది, పెద్ద ఖర్చేమీ లేదు.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం గురించి పెద్ద ఆశలు పెట్టుకోవద్దు. అందులో ఉద్యోగ అవసరాల కోసం సమ్మతి లేకుండానే సమాచారం వాడుకునే వీలు యజమానికి ఉంది. ఆరోగ్య సమాచారానికి ప్రత్యేక తరగతి అంటూ లేదు. నిజం చెప్పాలంటే 2011 నాటి ఐటీ నిబంధనలు ఈ విషయంలో మెరుగు, వైద్య రికార్డులను సున్నిత సమాచారమని పేరుపెట్టి చెప్పాయి. 2023 చట్టానికి నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి, ప్రధాన బాధ్యతల అమలుకు 18 నెలల గడువు ఇచ్చారు. సమాచార భద్రతలో లోపాలకు రూ.250 కోట్ల వరకు జరిమానా ఉంది. కంపెనీలు మేల్కొంటే ఆ అంకె చూసే మేల్కొంటాయి.

అందాకా ఉద్యోగి చేయగలిగింది ఏమిటి? సంతకానికి ముందు కాగితం చదవడం. ‘రిపోర్టులను సంస్థతో పంచుకోవడానికి అంగీకరిస్తున్నాను’ అన్న వాక్యం ఉంటే దాన్ని కొట్టేసి ‘ఫిట్‌నెస్ ఫలితం మాత్రమే’ అని రాసి సంతకం పెట్టడం. కొత్తగా చేరేవాళ్లకు అంత చొరవ కష్టమే, తెలుసు. అందుకే యూనియన్ ఉన్నచోట అది యూనియన్ పని, భద్రతా కమిటీ ఉన్నచోట ఆ కమిటీ పని. రిపోర్టు కాపీ మాత్రం ఎవరైనా అడగవచ్చు. మీరు అడిగాక 72 గంటల్లో రికార్డు ఇవ్వాలని డాక్టర్లకు 2002 నిబంధనలే చెబుతున్నాయి. వచ్చే క్యాంపులో రక్తం ఇచ్చి లేవబోయేముందు ఒక్క ప్రశ్న అడగండి: ‘ఈ రిపోర్టు ఎవరెవరికి వెళ్తుంది?’ జవాబు చెప్పలేకపోతే అదే మాట హెచ్‌ఆర్‌కు మెయిల్‌లో రాసి పెట్టండి, నలుగురూ కలిసి రాస్తే మరీ మంచిది.