కరిగే రాయి, గడ్డకట్టే నీరు

మంగళగిరి పానకాలస్వామికి పోసే పానకంలో బెల్లం ఇట్టే కరిగిపోతుంది. కొండ దిగువన నల్లరేగడి చేలలో నాగలికి తగిలే తెల్లటి సున్నపు గులకను బిందెడు నీళ్లలో వేసి చూడండి, వారం గడిచినా అలాగే ఉంటుంది. వింతేమిటంటే ఆ మొండి గులక పుట్టిందే నీళ్లలో కరిగిన సున్నంతో!

గులకలో ప్రధానంగా ఉండేది కాల్షియం కార్బొనేట్. శుద్ధమైన నీరు దీన్ని లీటరుకు పదిహేను మిల్లీగ్రాములకు మించి కలుపుకోలేదు. అదే కుటుంబానికి చెందిన చాకలి సోడా, అంటే సోడియం కార్బొనేట్, లీటరు నీళ్లలో 200 గ్రాములైనా కరుగుతుంది. రెంటిలోనూ కార్బొనేట్ ఒకటే, జతకట్టిన లోహం వేరు. రెండు ఆవేశాలున్న కాల్షియం దాన్ని ఒడిసిపట్టుకుంటుంది, ఒక్క ఆవేశమున్న సోడియం సులువుగా వదిలేస్తుంది.

అయితే వాననీరు శుద్ధజలం కాదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొంత, మొక్కల వేళ్లూ సూక్ష్మజీవులూ మట్టిలో వదిలేదాన్ని మరింత కలుపుకొని పలచటి ఆమ్లంగా మారుతుంది. ఆ నీరు తగిలితే మొండి సున్నం కాల్షియం బైకార్బొనేట్‌గా మారి కరిగిపోతుంది. దీన్ని పొడిగా సీసాలో పోసి ఎవరూ అమ్మలేరు, ఎందుకంటే నీళ్లలో తప్ప అది నిలవదు. నీరు ఆరితే కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి మళ్లీ సున్నపురాయే మిగులుతుంది. రేగడిలో జరిగేది ఇదే. శ్రావణంలో లోపలికి దిగిన సున్నపు నీరు వేసవి ఎండకు ఆరి, ఏళ్ల తరబడి పొర మీద పొరగా గులక కడుతుంది. బెలుం గుహల్లో 3,229 మీటర్ల దారిని తొలిచిందీ ఈ నీరే, బొర్రా గుహల పైకప్పు నుంచి సున్నపు ఊడలు దించిందీ ఈ నీరే. బోరునీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లపొర కట్టేదీ ఇందుకే. బెల్లం వేడికి ఇంకా కరుగుతుంది, సున్నం మాత్రం నీళ్లు కాగితే విడిపోయి కూర్చుంటుంది.

నీరు తీరిగ్గా చేసే పనిని నిప్పు ఒక్క రోజులో చేసేస్తుంది. పిడుగురాళ్ల బట్టీల్లో తొమ్మిది వందల డిగ్రీల వేడికి నూరు కిలోల స్వచ్ఛమైన సున్నపురాయి 56 కిలోలే మిగులుతుంది. తక్కిన 44 కిలోలు గాలిలో కలిసిపోతాయి. కాలిన రాయి మీద నీళ్లు పోస్తే బుసలు కొడుతూ సలసల కాగి, చివరికి మెత్తని సున్నమవుతుంది. దాన్ని ఇసుకతో గానుగలో నూరి గోడ కడితే, పోగొట్టుకున్న వాయువును గాలిలోంచి మెల్లమెల్లగా వెనక్కి లాక్కుని మళ్లీ రాయవుతుంది. మంగళగిరి దిగువ కోవెల ముందున్న పదకొండు అంతస్తుల గాలిగోపురాన్ని 1807-09 మధ్య వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించారు. అప్పటికి నేటి సిమెంటు పుట్టలేదు. 153 అడుగుల ఆ కట్టడాన్ని అతికించి నిలబెట్టింది సున్నమే.

ఆ నాయుడుగారే అంతకు కొన్నేళ్ల ముందు అమరావతిలో కొత్త పట్టణం కట్టించారు. రాళ్ల కోసం దీపాలదిన్నెను తవ్వితే బౌద్ధ స్తూపం బయటపడింది. 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. చలువరాళ్లని పేరుపడినా ఆ శిల్పఫలకాలు పల్నాటి సున్నపురాళ్లే. అదే వాటి ప్రాణం మీదికి తెచ్చింది. ఎన్నో ఫలకాలను జనం బట్టీల్లో వేసి సున్నం కాల్చుకున్నారు. నాయుడుగారి దానధర్మాలను ఎంత మెచ్చుకున్నా ఈ సంగతి దాచనక్కర్లేదు. ఆ సున్నం ఏ గోడలోనో మళ్లీ రాయి అయ్యే ఉంటుంది, దాని మీద చెక్కిన బుద్ధుడి కథ మాత్రం తిరిగి రాలేదు.

మిగిలిన ఫలకాలు అమరావతిలో, చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మంగళగిరి నుంచి అమరావతి దూరమేమీ కాదు. వెళ్లినప్పుడు తనివితీరా చూడండి కానీ చెమటచేతులతో తాకకండి. చెమటలోనూ పలచటి ఆమ్లం ఉంటుంది.