జార్జియా దేశపు ఊళ్లు

నల్లసముద్రమునకు తూర్పుతీరమున, కాకసస్ పర్వతములకు దక్షిణమున జార్జియా యను చిన్న దేశము కలదు. దాని విస్తీర్ణము సుమారు 69,700 చదరపు కిలోమీటర్లు. ఉత్తరమున రష్యా, దక్షిణమున తుర్కీ, ఆర్మీనియా, ఆగ్నేయమున అజర్బైజాన్ దాని పొరుగు దేశములు. హిమశిఖరములును, సముద్రతీరమును, ద్రాక్షతోటలును, పురాతన నగరములును అచ్చట ఒకదాని చెంత నొకటి కానవచ్చును. కాని అబ్ఖాజియా, దక్షిణ ఒసేతియా యను రెండు సీమలు ఎవరికి చెందవలెనను తగవు నేటికిని తీరలేదు. ఆ తగవు సామాన్యులు నివసించు ఊళ్లను ఏమి చేసినదో తెలిసికొందము.

దేశమునకు రాజధాని త్బిలిసి. ఇది మ్త్క్వారి నది యొడ్డున నున్నది. పూర్వము వఖ్తాంగ్ అను రాజు ఇచ్చట వేటాడుచుండగా, అతని డేగయు, అది పట్టిన పక్షియు వేడినీటి బుగ్గలో పడెననియు, అది చూచి రాజు నగరము కట్టించెననియు ఒక కథ కలదు. కథ యెట్లున్నను, జార్జియా భాషలో 'త్బిలి' యనగా వెచ్చనిదని యర్థము. గంధకపు వాసనగల ఆ నీటితో స్నానశాలలు నేటికిని నడచుచున్నవి. కొలది దూరమున, అరాగ్వి, మ్త్క్వారి నదుల సంగమమున పాత రాజధానియగు మ్త్స్ఖేతా కలదు. పదునొకండవ శతాబ్దమున కట్టిన గొప్ప చర్చి అందు నేటికిని నిలిచియున్నది.

తూర్పున కాఖేతి సీమ ద్రాక్షతోటలకు నెలవు. అచ్చటి రైతులు కోడిగ్రుడ్డు ఆకారముగల పెద్ద మట్టిబానలను నేలలో పాతి, వానిలో ద్రాక్షరసమును పులియబెట్టుదురు. ఈ పద్ధతిని 2013లో యునెస్కో సంస్థ మానవజాతి వారసత్వముగా గుర్తించినది. వాయవ్యమున స్వానేతి కొండలలో, సుమారు 2,100 మీటర్ల యెత్తున ఉష్గులి యను పల్లె యున్నది. అందు ఇండ్ల నడుమ ఎత్తైన రాతిబురుజులు నిలిచియుండును. పగవారు వచ్చినపుడు కుటుంబమంతయు వానిలో తలదాచుకొనెడిది. జార్జియా భాషలో పల్లెను 'సోపెలి' యందురు. ప్రాచీనకాలమున ఆ మాటకే 'లోకము' అను అర్థమును ఉండెడిది.

ఇక తగవు సంగతి. జార్జియా చిరకాలము సోవియట్ యూనియనులో భాగముగా నుండి, 1991 ఏప్రిల్ 9న స్వాతంత్ర్యమును ప్రకటించుకొన్నది. అబ్ఖాజులకును, ఒసేతులకును వేఱు భాషలు, వేఱు సంప్రదాయములు గలవు. 1989 జనాభా లెక్కల ప్రకారము అబ్ఖాజియాలోనే అబ్ఖాజులు నూటికి పదునెనిమిది మందికి లోపుగ నుండిరి. క్రొత్త దేశములో తమ ఉనికి యేమగునోయని వారు భయపడిరి. దేశము ముక్కలగునని జార్జియనులు భయపడిరి. భయము యుద్ధమునకు దారితీసినది. 1991-92లో దక్షిణ ఒసేతియాలోను, 1992-93లో అబ్ఖాజియాలోను పోరు జరిగినది. వేలకొలది ఒసేతులు ఇండ్లు విడిచిపోయిరి. అబ్ఖాజియానుండి రెండు లక్షలకు పైగా జార్జియనులు తరలిపోవలసివచ్చెను. 2008 ఆగస్టులో రష్యాకును జార్జియాకును అయిదు దినములు యుద్ధము జరిగినది. పిదప రష్యా ఆ రెండు సీమలను స్వతంత్రదేశములుగా గుర్తించినది. ప్రపంచములోని అత్యధిక దేశములు మాత్రము వానిని జార్జియాలో భాగములుగనే యెంచుచున్నవి.

తగవు ఊరి పేరును సైతము విడువలేదు. తెలుగున 'రాముడు' అనుటలో 'డు' చేరినట్లే, జార్జియా భాషలో హల్లుతో ముగియు పేరునకు ప్రథమా విభక్తియందు 'ఇ' చేరును. అందుచేత అబ్ఖాజియా ముఖ్యపట్టణమును వారు 'సోఖుమి' యందురు. రష్యనులు 'సుఖుమ్' అందురు. అబ్ఖాజులు తమ భాషలో 'ఆక్వా' యందురు. చివరి యొక్క అక్షరమును బట్టియే, పలికినవాడు ఏ పక్షమువాడో వినువారు ఊహింతురు.

దక్షిణ ఒసేతియా అంచున ఖుర్వాలేతి యను పల్లె యున్నది. యుద్ధానంతరము వేసిన ముండ్లకంచె ఆ పల్లెను రెండుగా చీల్చినది. ఆ సరిహద్దున గల పెక్కు పల్లెలలో ఇల్లు ఒకప్రక్కను, తోటయో, పెద్దల సమాధులో మఱియొక ప్రక్కను ఉండిపోయినవి. 2008లో ఇండ్లు కోల్పోయినవారికై ప్రభుత్వము త్సెరోవని యను క్రొత్త ఊరును కట్టించినది. ఒకే తీరు చిన్న యిండ్లు అందు వరుసలుగా నున్నవి. అబ్ఖాజియానుండి వచ్చినవారిలో పెక్కుమంది త్స్ఖల్తుబో పట్టణమున, ఒకప్పటి ఆరోగ్యవిశ్రాంతి భవనముల గదులలో చాల సంవత్సరములు కాపురముండిరి.

అయినను రెండు పక్షములను కలిపి యుంచిన దొకటి కలదు. అది ఎంగూరి నది. దానిపై 271 మీటర్లకు మించిన యెత్తుగల ఆనకట్ట యున్నది. ఆనకట్ట జార్జియా యధీనములో నున్నది. విద్యుత్తు పుట్టించు యంత్రశాల అబ్ఖాజియాలో నున్నది. నీరు సుమారు 15 కిలోమీటర్ల సొరంగముగుండా ఇచ్చటినుండి అచ్చటికి పోవును. ఒకరు నీరు ఆపినచో యంత్రములు తిరుగవు. మఱియొకరు యంత్రములు ఆపినచో నీరుండియు ఫలము లేదు. కావున అన్నిట విభేదించువారు కూడ ఈ యొక్క పనిలో కలసి నడచుచు, విద్యుత్తును పంచుకొనుచున్నారు.

దేశపటమున గీత గీయుట సులభము. ఆ గీత పొలముమీదుగను, సమాధులమీదుగను పోవునపుడు దాని బరువు మోయువారు పల్లెవాసులు. పల్లెకును లోకమునకును ఒకే మాట వాడిన ఆ పూర్వులు, ఊరు పోయినవానికి ఏమి పోవునో ఎఱిగినవారే.