శిథిల వక్ఫ్ కట్టడాలు – రెండు అద్దెల పద్ధతి

ఒక ధర్మాత్ముడు తన సరాయిని వక్ఫ్ చేసినాడనుకొందాం. దాని బాడుగతో మద్రసా విద్యార్థులకు భోజనం జరగవలెనని షరతు. నూరేండ్లకు కప్పు కూలింది. కప్పు లేనందున బాడుగ రాదు. బాడుగ రానందున మరమ్మతు జరగదు. వక్ఫ్ ఆస్తిని అమ్మరాదు, దానమీయరాదు, వారసులకు పంచరాదు. ముతవల్లీ ఏమి చేయవలె?

హనఫీ ఫుఖహాలో బహుళ ప్రచారంలో ఉన్న అభిప్రాయం ప్రకారం వక్ఫ్ ఇంటిని ఒక సంవత్సరానికి, భూమిని మూడు సంవత్సరాలకు మించి కౌలుకివ్వరాదు. దీర్ఘకాలం అనుభవించినవాడు లోకుల కంటికి యజమానిగానే కనిపిస్తాడు. తుదకు సాక్షులు కూడా అట్లే పలుకుతారని వారి భయం. ఆ భయం నిరాధారం కాదు. అయితే ఒక్క ఏటి కౌలుదారు కూలిన గోడమీద సొమ్ము పెట్టునా?

ఉస్మానియా సామ్రాజ్యంలో, ముఖ్యంగా ఇస్తాంబుల్‌లో, అగ్నిప్రమాదాలు వక్ఫ్ ఇండ్లను, దుకాణాలను మాటిమాటికి బూడిద చేసేవి. అక్కడ 16, 17 శతాబ్దాలలో ‘ఇజారతైన్’, అనగా రెండు అద్దెల పద్ధతి స్థిరపడింది. మెహర్ విషయంలో మనం వినే ముఅజ్జల్, మువజ్జల్ అనే మాటలే ఇక్కడా వర్తిస్తాయి. కౌలుదారు కట్టడం విలువకు దగ్గరగా ఉండే పెద్ద మొత్తం ముందే చెల్లించేవాడు. దానితో మరమ్మతు జరిగేది. పిమ్మట ఏటేటా స్వల్పమైన అద్దె ఇచ్చేవాడు. దీనికి ఖాజీ అనుమతి అవసరం. అనుభవ హక్కు అతని సంతానానికి సంక్రమించేది. కట్టడం మాత్రం వక్ఫ్‌దే. ఈజిప్టు, సిరియాలలోని ‘హిక్ర్’ వేరు: అక్కడ భూమి వక్ఫ్‌ది, దానిపై కౌలుదారు కట్టిన భవనం అతనిది.

కట్టడాలు నిలిచాయి గాని, పూర్వ ఫుఖహాల భయమూ నిజమైంది. నాణెం విలువ పడిపోగా ఏటి అద్దె నామమాత్రమైంది. తుదకు టర్కీలో 1935 నాటి వక్ఫ్ చట్టం, పరిహారం చెల్లించిన కౌలుదార్లకే ఆ ఆస్తులు దక్కే వీలు కల్పించింది.

భారతదేశంలో 1995 వక్ఫ్ చట్టానికి 2013లో జరిగిన సవరణ వాణిజ్య, విద్య, వైద్య అవసరాలకు 30 ఏండ్ల వరకు కౌలును అనుమతించి, అంతకు మించినది చెల్లదన్నది. టర్కీ వక్ఫ్ శాఖ కూడా తరువాతి కాలంలో గడువు గల పద్ధతినే చేపట్టింది: ప్రైవేటు వ్యక్తి స్వంత ఖర్చుతో పాత కట్టడాన్ని బాగుచేసి, ఒప్పుకొన్న ఏండ్లపాటు నడిపి, అద్దె చెల్లించి, గడువు తీరగానే వక్ఫ్‌కు అప్పగించవలె.